తడిసిన గడ్డికి బదులు

మా చేవెళ్ల వైపు 'బదులు' అంటే జవాబు కాదు, చేబదులూ కాదు. ఇవాళ నీ మడిలో నేను నాటు వేస్తే, నా మడికి నీళ్లు వచ్చిన రోజున నువ్వు వచ్చి నాటు వేయాలి. దానికి కూలి లేదు, కాగితం లేదు. దినానికి దినం, చేతికి చెయ్యి. నిండు చేతికి నిండు చెయ్యే రావాలన్నది నియమం. పెద్దమనిషి చేసిన పనికి ఇంట్లో పిల్లను పంపితే దాన్ని సగం చెయ్యిగానే లెక్కిస్తారు. మిగిలిన సగం అట్లాగే నిలిచి ఉంటుంది. బదులు ఎగవేసిన ఇంటికి మరుసటి ఏడు ఎవరూ నాటుకు రారు.

నేను ఈ పద్ధతిని చాలాకాలం ఒక ఆర్థిక ఏర్పాటుగానే చూశాను. డబ్బు కరువైన చోట శ్రమే నాణెం అవుతుందని, భౌతికశాస్త్రం చెప్పవలసిన గంటలో పిల్లలకు చెప్పేవాణ్ణి కూడా. ఉద్యోగ విరమణ చేసి మొయినాబాదులో ఇల్లు కట్టుకునే నాటికి ఆ పద్ధతి దాదాపు కనుమరుగైంది. నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరిగిన కొద్దీ అజీజ్‌నగర్, చిన్న మంగళారం పొలాలు ఫామ్‌హౌసులయ్యాయి. నాట్లు వేసే ఆడవాళ్లు పొద్దున్నే ఆటోలెక్కి ఆ తోటల్లో పచ్చిక కత్తిరించడానికి, పూలమొక్కలకు నీళ్లు పట్టడానికి దినకూలికి పోసాగారు. ఆలూరులో మా తమ్ముడు ఎంకయ్య భార్య సుక్కమ్మ మాత్రం ఇంకా ఇద్దరు ముగ్గురితో బదులు నడుపుతూ ఉండేది.

వాళ్ల కూతురు ప్రవళిక హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పరీక్షకురాలు. ఇతరులు వ్రాసిన ప్రోగ్రాములలో తప్పులు పట్టడం ఆమె పని. రెండువేల ఏడు వేసవిలో కంపెనీ ఆమెను రెండు నెలల కోసం జర్మనీ పంపింది. పని ముగిశాక సెలవు పెట్టి, పడుచువాళ్లకు చవకగా ఇచ్చే రైలు పాసు కొనుక్కొని, ఒంటరిగా నాలుగు దేశాలు తిరిగి వచ్చింది. వచ్చిన వారానికి నేను ఆలూరు వెళ్లాను. వాకిట్లో మంచం వేసి చాక్లెట్లు పంచిపెట్టారు. ఎంకయ్య ఒకటి నోట్లో వేసుకొని, చేదుగా ఉందని మొహం పెట్టి, అయినా రెండోది తీసుకున్నాడు.

ప్రవళిక చెప్పిన ప్రయాణంలో నాకు నచ్చింది దాని పొదుపు. వేగంగా పోయే బండ్లకు పాసు మీద మళ్లీ రుసుము కట్టాలి కనుక, ప్రతి స్టేషన్లో ఆగే ప్యాసింజర్లే ఎక్కిందట. ఆ కారణంగా పెద్ద నగరాలకంటె పల్లెలే ఎక్కువ చూసింది. హాస్టల్లో ఎనిమిది మంచాల గదిలో పడుకొని, నీళ్లు కాచుకునే విద్యుత్ కెటిల్‌లో బియ్యం ఉడికించి, పల్లీల పొడి కలుపుకొని తిన్నది. ఒక ఊళ్లో గంట గోపురం ఎక్కడానికి టిక్కెట్టు ఉందని తెలిసి, కింద మెట్ల మీదే కూర్చొని గంటలు విన్నదట. సుక్కమ్మ దానికి తల ఊపింది. గంట కిందికి వినపడాలనే పైన కడతారు గదా, ఎక్కవలసిన పనేముందని ఆమె అభిప్రాయం.

అంతవరకు సరదాగా సాగిన మాట చివరి రెండు రోజుల దగ్గర ఆగిపోయింది. ఎంకయ్యే గుచ్చి అడిగితే చెప్పింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆస్ట్రియాలో ఆమె ఎక్కిన బండి ఒక చెరువు వెంట పోతోంది. వెనుక డబ్బాల్లో కిటికీలు ఖాళీగా ఉన్నాయని కాసేపు చూసి వద్దామని అటు నడిచింది. వెళ్తూ తన సంచిని సీటు మీద పెట్టి వెళ్లింది. శంకర్‌పల్లి ప్యాసింజర్లో మనం తువ్వాల పరిచి జాగ ఆపుకోమా, అట్లాగే. సంచిలో పాస్‌పోర్టు ఉంది, ఆదివారం పొద్దున ఇండియాకు తిరిగి వచ్చే విమానపు టిక్కెట్టు ఉంది. ఒక కూడలి స్టేషన్లో బండి చాలాసేపు ఆగింది. జర్మన్‌లో ఏదో ప్రకటించారు. ఆఫీసులో రెండు నెలలూ ఇంగ్లీషుతో నెట్టుకొచ్చిన పిల్లకు అది అర్థం కాలేదు.

"బండి రెండైంది బాపూ," అన్నది ప్రవళిక. "ముందల డబ్బలు ఒక దిక్కు పోయినయ్, ఎనుక డబ్బలు ఒక దిక్కు."

"బండి గట్లెట్ల రెండైతదే?" అన్నాడు ఎంకయ్య. "డబ్బ ఏదైతేంది, అంత ఒక్కటే బండి అని నీకు చిన్నప్పటి సంది చెప్తుంటి గద."

"నువ్వు చెప్పినవనే ఎనుకకు పోయిన."

మేమందరం నవ్వాము. ఎంకయ్య కూడా కొంచెం ఆలస్యంగా నవ్వాడు.

ఆమె డబ్బా కొండల మధ్య ఒక చిన్న లోయలోకి పోయి, పట్టాలు ముగిసేచోట ఆగింది. ఆ స్టేషన్లో ఉద్యోగి అంటూ ఎవరూ లేరు. బండి గార్డు దయతో ఫోన్లు చేసి కనుక్కొన్నాడు. సంచి కొండకు అవతలి లోయలో ఒక పట్నపు స్టేషన్లో అప్పగించారు. పోయిన సామాను ఉంచే అక్కడి గది శనివారం మధ్యాహ్నం మూస్తారు. మళ్లీ తెరిచేది సోమవారమే. ఆ రోజుకు అదే ఆఖరి బండి; రాత్రికి అక్కడే నిలిచిపోతుంది. మర్నాటి మొదటి బండి ఎక్కి కూడలి చుట్టి పోతే గది మూసిన తర్వాతే చేరుతుంది. గార్డు చెప్పవలసింది చెప్పి, తన దారిన తాను పోయాడు.

పట్టాల పక్కనే ఏటవాలుగా ఒక గడ్డిచేను. పొడుగాటి కర్రకు చెక్క పళ్లు బిగించిన పనిముట్టుతో ఒక పెద్దావిడ కోసిన గడ్డిని తిరగేస్తోంది. బెంచీ మీద కదలకుండా కూర్చున్న పిల్లను చూసి ఆమె దిగివచ్చింది. ఆమెకు నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చు, ప్రవళికకు నాలుగు ముక్కల జర్మన్. పేరు బుర్గా. ఒంటరి మనిషి, కొన్ని ఆవులున్నాయి. విషయం విని, ఒక పనిముట్టు ఈమె చేతికి కూడా ఇచ్చింది. పొద్దుగూకే దాకా ఇద్దరూ గడ్డి తిరగేశారు. తర్వాత సూపు, రొట్టె పెట్టి, పైగదిలో పడుకోబెట్టింది.

ఇక్కడ సుక్కమ్మ అడ్డు తగిలింది. "ఏం పేరన్నవ్? దుర్గమ్మనా?"

"బుర్గా," అన్నాను నేను. "మొదటి అక్షరం బ."

"ఆళ్లకు నోరు తిరగది బావా. దుర్గమ్మే."

ఒక హల్లు తేడాతో ఆస్ట్రియా రైతుబిడ్డ మా అమ్మవారైపోవడం నాకు అభ్యంతరకరమే. కాని సుక్కమ్మ మొహంలో అప్పుడున్న నిశ్చింత చూసి ఊరకున్నాను.

ప్రవళిక మళ్లీ అందుకున్నది. మర్నాడు పొద్దున రేడియోలో మధ్యాహ్నం నుంచి వాన అని చెప్పారు. గడ్డి పూర్తిగా ఎండి ఉంది. ఆ పూటే ఎత్తి కొట్టంలో వేయాలి. ఇరుగుపొరుగు వాళ్లందరూ ఎవరి చేలలో వాళ్లు పరుగులు పెడుతున్నారు. బుర్గా గుమ్మంలో నిలబడి తన ఏటవాలును ఒకసారి కింది నుంచి పైదాకా చూసింది. లోపలికి పోయి కారు తాళంచెవి తెచ్చుకున్నది. కొండ ఎక్కి దిగే దారిలో ఆ పాతకారు నడుపుకుంటూ, గది మూయకముందే ఆ పట్నం చేర్చింది. సంచి దొరికింది. వాళ్లు స్టేషన్ బయటికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. బుర్గా తల ఎత్తి చూసి, ప్రవళికకు దారిలో తినడానికి ఒక రొట్టె కొనిచ్చి, ఏ డబ్బా ఎక్కడికి పోతుందో గార్డును అడిగి తెలుసుకొని మరీ ఎక్కించింది.

"బండి కదిలినంక వాన దంచి కొట్టింది అమ్మా," అన్నది ప్రవళిక. "ఆ గడ్డంత తడిసే ఉంటది. నాకు ఎర్కనే. పొద్దుగాల ఎత్తితే కొట్టంల ఉంటుండె. నేను ఒక్క మాటన్న అనలే. సంచి గురించే సోంచాయించుకుంట కూసున్న."

ఎంకయ్య చేతిలోని చాక్లెట్ కాగితం మడత పెడుతూ ఉండిపోయాడు. చేతికి వచ్చిన పంట వానకు వదిలేసి పోవడమంటే ఏమిటో ఆ వాకిట్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. ప్రవళిక కంపెనీలో ఎంత పెద్దదైనా, పల్లీలు పీకిన రోజున మబ్బు పడితే పరుగెత్తిన పిల్లే. అందుకే ఆమెను అది అంతగా పట్టుకున్నది. ఊరికి వచ్చి వారమైనా సరిగా తినడం లేదని సుక్కమ్మ అంతకుముందే నా చెవిన వేసింది.

కృతజ్ఞతకు చిరునామా ఉండాలని నా నమ్మకం. అదృష్టానికో గ్రహాలకో చెప్పే ధన్యవాదం ఎవరికీ అందదు; ఫలానా మనిషి ఫలానా పని చేసింది, ఆమెకు చెప్పాలి. కాబట్టి ఒక మంచి చీరో దుప్పటో కొని పంపమని సలహా ఇచ్చాను. ఆవిడ కప్పుకుంటుంది, సంతోషిస్తుంది.

"దినం పోగొట్టుకున్నామెకు చీర పంపుతరా బావా?" అన్నది సుక్కమ్మ. గొంతు పెంచలేదు. "దినానికి దినమే."

ముందురోజు సాయంత్రం పిల్ల కూడా గడ్డి తిరగేసింది గదా, లెక్క కొంతైనా తీరలేదా అని అడిగాను. అన్నం పెట్టిన ఇంట్లో చెయ్యి కలపడం మర్యాద అనీ, దాన్ని బదులులో కలపరనీ ఆమె తీర్పు. అప్పుడు ప్రవళిక తన మనసులోది బయటపెట్టింది. వచ్చే ఏడు గడ్డి కోసే కాలానికి సెలవు పెట్టి మళ్లీ పోతుందట. ఒక రోజు పని చేసి వస్తుందట.

సుక్కమ్మ కూతురి చెయ్యి తీసుకొని అరచేతిని బొటనవేలితో నొక్కి చూసింది. "ఇంత మెత్తగున్నది. ఆమె నీ పని జూసి నవ్విందా లేదా, నిజం చెప్పు."

"నవ్వింది."

"మరి. నీది సగం చెయ్యి. నిండు చెయ్యి పోవాలె."

ఆ నిండు చెయ్యి ఎవరిదో అర్థం కావడానికి మాకు కొంత సమయం పట్టింది. సుక్కమ్మ అప్పటికి హైదరాబాదు దాటి ఎరగదు. ఒక్క రోజు గడ్డి లాగడానికి వేల మైళ్లు పోవడం ఎంత వ్యర్థమో నేను వివరించబోయాను. లెక్క దూరానిది కాదు, దినానిది అని ఆమె లేచి పశువులకు నీళ్లు పెట్టడానికి పోయింది. ప్రవళిక నా వైపు చూసి, "పోనీ పెద్దబాపూ, ఇద్దరం పోతం," అన్నది. ఆ రాత్రి కడుపునిండా తిన్నదని మర్నాడు ఎంకయ్య చెప్పాడు.

ఆ సంవత్సరమంతా ప్రవళిక కూడబెట్టింది. సుక్కమ్మకు పాస్‌పోర్టు తీయించాము. ప్రవళిక బుర్గాతో ఫోన్లో మాట్లాడి, అమ్మను చూపించడానికి తెస్తున్నానని మాత్రం చెప్పి ఆహ్వానం తెప్పించుకున్నది. ఇక మిగిలింది వీసా.

మా మొయినాబాదు మండలంలోనే వీసాలు ఇప్పిస్తాడని పేరు పడిన దేవుడున్నాడు. సుక్కమ్మ ఇంటిపక్క నీలమ్మ, గుడి చుట్టూ తిరిగి మొక్కుకొమ్మని చెప్పింది. తిరిగినా వీసా రానివాళ్లు ఎంతమందో ఎవరూ వ్రాసి పెట్టలేదనీ, వచ్చినవాళ్లే వచ్చి చెబుతారనీ నేనన్నాను. సుక్కమ్మ ఇద్దరి మాటా విని, బస్సు ఎట్లాగూ ఆ దారినే పోతుంది గదా అని, ఒక పొద్దున తిరిగి వచ్చింది. కాళ్లు బాగా సాగాయనీ, కొండకు పనికొస్తుందనీ అన్నది.

నా భయం వేరు. చూడబోయేవారికి ఇచ్చే వీసా మీద పని చేయకూడదు. "ఎందుకు పోతున్నవంటే ఊర్లు జూడవోతున్న అని చెప్పు. గడ్డి మాట ఎత్తకు," అని వారం రోజులు పాఠం చెప్పాను. ఆమె ప్రతిసారీ శ్రద్ధగా విన్నది. నగరంలోని కార్యాలయానికి నేనూ వెళ్లాను గాని నన్ను బయటే ఆపారు. లోపల జరిగింది ప్రవళిక చెప్పగా విన్నదే.

అద్దం వెనుక ఒక విదేశీ అధికారి. పక్కన తెలుగు తెలిసిన యువతి. ఎందుకు వెళ్తున్నారని ఆ యువతి అడిగింది.

"గడ్డి ఎత్తెతందుకు," అన్నది సుక్కమ్మ.

ప్రవళిక చాటుగా తల్లి చీర కొంగు లాగిందట. యువతి చేతిలోని కలం ఆగింది. "అంటే, పనికా?"

"ఒక్క దినం."

"జీతం ఎంత ఇస్తామన్నారు?"

"బదులుకు జీతం ఉంటదా బిడ్డా?" అన్నది సుక్కమ్మ. "నా బిడ్డ కోసం ఆమె దినం ఇడిసిపెట్టింది. ఆ దినం ఇచ్చి రావాలె."

యువతి కలం కింద పెట్టింది. తర్వాత ఏ ఊరని అడిగింది. చేవెళ్ల పక్కన ఆలూరు అని చెబితే, గొంతు తగ్గించి, తమ అమ్మమ్మది పరిగి అనీ, ఆమె నాట్లకు బదులుకు పోయేదనీ చెప్పింది. అధికారి వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది. ప్రవళిక చెవులు రిక్కించి విన్నది: ఈమె కూతురి కోసం ఒక స్నేహితురాలు తన పంట రోజును వదులుకొన్నది, జీతం లేకుండా గడ్డి ఎత్తి ఆ రోజును తిరిగి ఇవ్వడానికి ఈ తల్లి పోతున్నది. అందులో ఒక్క మాట కల్పితం కాదు, ఒక్క మాట దాచినదీ కాదు. అధికారి ఒకే ప్రశ్న వేశాడు. ఈమె తప్పక తిరిగి వస్తుందా?

"రాకుంటె టమాటకు నీళ్లు ఎవలు పెడ్తరు?" అన్నది సుక్కమ్మ.

వీసా వచ్చింది. ఒక్క ఉదాహరణ మీద సిద్ధాంతం కట్టకూడదని జీవితమంతా పిల్లలకు చెప్పినవాణ్ణి. కాబట్టి నిజం చెబితే ఎప్పుడూ గెలుస్తామని అనను. దేవుడి చుట్టూ తిరిగినందుకు వచ్చిందని నీలమ్మ అన్నది. దాన్ని కూడా ఒప్పుకోను. ఆ పరిగి అమ్మమ్మను, ఆమె మనుమరాలిని మాత్రం తలచుకుంటూ ఉంటాను.

రెండువేల ఎనిమిది వేసవిలో తల్లీ కూతుళ్లు మళ్లీ ఆ ప్యాసింజర్లలోనే పోయారు. సుక్కమ్మ జొన్నరొట్టెలు, టమాట తొక్కు కట్టుకున్నది. బండి ఎక్కిన ప్రతిసారీ సంచి ఒళ్లో పెట్టుకొని, "ఇది ఏడికి పోయే డబ్బ?" అని కూతురితో ఎదుటివాళ్లను అడిగించిందట. ఎదుటివాళ్లు ఓపికగా చెప్పారట. సొరంగాలలో కళ్లు మూసుకొని, పొలాలు వచ్చినప్పుడు తెరిచేది. అక్కడి నేలలో రాళ్లు తక్కువని ఆమె గమనించింది.

అంత దూరం పోయాక పని దొరకలేదు. బుర్గా వాళ్లను చూసి ఎంతో సంతోషించింది. వాకిట్లో బల్ల వేసి, కాఫీ, తీపిరొట్టె పెట్టి, కుర్చీ లాగి సుక్కమ్మను కూర్చోబెట్టింది. ఎదురుగా ఏటవాలు మీద గడ్డి కోసి పరచి ఉంది, ఆకాశం నిర్మలంగా ఉంది. అతిథి పని చేయడమేమిటని బుర్గా ఒప్పుకోలేదు. సుక్కమ్మ కాఫీ ముట్టలేదు. ప్రవళిక తనకు వచ్చిన జర్మన్‌లో, మీ దినం ఒకటి మా దగ్గర ఉన్నది, అమ్మ దాన్ని ఇవ్వడానికి వచ్చిందని చెప్పింది.

బుర్గా చేతులు ఊపి, అదేమీ పెద్ద నష్టం కాదన్నది. ఆ తడిసిన గడ్డిని ఆవుల కింద పడకకు వేసిందట; ఏదీ వృథా పోలేదట. ఓదార్పుగా చెప్పిన ఆ మాటను ప్రవళిక తెలుగులో చెప్పింది.

"పడక్కేసిందంటె తినేతందుకు పనికి రానట్టే గద," అన్నది సుక్కమ్మ. లేచి, చీర గోచి బిగించి, గోడకు ఆనించిన పనిముట్టు అందుకొని ఏటవాలు ఎక్కింది.

బుర్గా వెనుక పరుగెత్తింది. కాని మొదటి వరస పూర్తయ్యేసరికి ఆమె ఆపడం మానేసింది. అలవాటు లేని పనిముట్టు, అలవాటు లేని వాలు. అయినా గడ్డి ఎండిందీ లేనిదీ పిడికిట నలిపి చూసే పద్ధతి ఇద్దరిదీ ఒకటే. బుర్గా పై వరస పట్టింది, సుక్కమ్మ కింది వరస. ప్రవళికను సగం చెయ్యిగా లెక్కించి కొట్టం దగ్గర పెట్టారు. సాయంత్రానికి చేను ఖాళీ అయింది. అప్పుడు సుక్కమ్మ చల్లారిన కాఫీ అడిగి తాగిందట. ప్రవళిక కొట్టం వెనక్కి పోయి కాసేపు ఏడ్చిందట. ఏడాది మోసిన బరువు దిగినప్పుడు వచ్చే ఏడుపు అది. ఆమే నవ్వుతూ చెప్పింది.

కథ అక్కడ తీరిపోవలసింది. మర్నాడు మబ్బు పట్టింది. బుర్గాకు ఇంటివెనుక మరొక చిన్న చేను కోసి ఉంది. సుక్కమ్మ ఎవరూ అడగకముందే పనిముట్టు తీసుకొని పోయింది. ఎందుకు పోయావని తర్వాత నేను అడిగితే, "కండ్ల ముందర గడ్డి తడుస్తుంటె కూసుంటమా?" అన్నది. వాన పడే వేళకు అదీ కొట్టం చేరింది. బండి ఎక్కించేటప్పుడు బుర్గా వేలితో తన గుండె మీద తట్టుకొని ప్రవళికతో ఒక వాక్యం చెప్పిందట: ఇప్పుడు ఒక దినం నా దగ్గర ఉన్నది.

సుక్కమ్మ తిరిగి వచ్చిన తర్వాత ఊళ్లో ఈ ఒక్క మాటే పదిమందికి చెప్పింది. విమానం గురించి అడిగినవాళ్లకు కూడా ఇదే చెప్పింది.

ఆ చలికాలానికి ప్రపంచంలో ఎక్కడో బ్యాంకులు కూలి, ప్రవళిక కంపెనీలో విదేశీ ప్రయాణాలు ఆగిపోయాయి. ఆ వయసులో బుర్గా రాగలదా అని నాకు అనుమానం. ఎంకయ్యకు కూడా. సుక్కమ్మకు మాత్రం ఫికర్ లేదు. "దుర్గమ్మ ఎగ్గొట్టే మనిషి గాదు," అనేది. టమాట తెంపే కాలం ఎప్పుడని బుర్గానే ఫోన్ చేసి అడిగింది. ఆవులను పొరుగువారికి అప్పగించి, మాఘమాసంలో శంషాబాద్ విమానాశ్రయంలో దిగింది. ప్రవళిక, నేను వెళ్లి తీసుకువచ్చాము. మొయినాబాద్ దాటేదాకా ఆమె ఫామ్‌హౌసుల ప్రహరీలు చూసి, పొలాలు ఎక్కడని అడిగింది. ఆలూరు దగ్గరపడ్డాక అడగలేదు.

ఆమె టమాట చేలోకి దిగిన రోజున గట్టు మీద మనుషులు చేరారు. పక్క చేను జంగయ్య, "సుక్కవ్వా, మాకు గూడ ఒక తెల్లామెను బదులుకు పిలువరాదు," అన్నాడు.

"ముందుగాల పోయి ఆళ్ల గడ్డి ఎత్తిరా పో," అన్నది సుక్కమ్మ తల ఎత్తకుండా.

బుర్గా పెద్ద టోపీ పెట్టుకొని, సుక్కమ్మ పక్కనున్న మొక్కల వరస, పక్క సాలు, పట్టింది. దోరకాయ ఏదో, పండు ఏదో సుక్కమ్మ ఒకసారి చూపితే సరిపోయింది. ఎండెక్కాక ఆమె మొహం ఎర్రబడిందని చెట్టు నీడకు పంపారు; నీళ్లు తాగి మళ్లీ వచ్చింది. ఇద్దరికీ కలిసే భాష లేదు. అయినా సాలు చివర తిరిగినప్పుడల్లా ఏదో చెప్పుకొని నవ్వుకునేవాళ్లు. నేను గట్టు మీద కూర్చొని చూశాను. పట్టాలు మారిన ఒక డబ్బా, మూతపడబోయే ఒక గది, రేడియోలో చెప్పిన ఒక వాన. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఈ ఇద్దరు ఈ సాళ్లలో ఉండేవాళ్లు కారు. దీన్ని ఎవరో నడిపించారని నేననుకోను. ఎవరూ నడిపించకపోయినా జరిగినందుకే నాకు మరింత సంతోషం కలిగింది.

పొద్దు వాలింది. ఇంకొక్క సాలు మిగిలింది. బుర్గా తట్ట తీసుకొని అటు కదిలింది. సుక్కమ్మ అడ్డం వచ్చి తట్ట పట్టుకున్నది.

"ఇగ బస్," అన్నది.

బుర్గా ఆ సాలు వైపు చెయ్యి చూపింది. ఇంకా వెలుగుందనీ, దినం పూర్తి కాలేదనీ ప్రవళికతో చెప్పింది. సుక్కమ్మ తట్ట వదల్లేదు.

"ఉండనీ అని చెప్పు బిడ్డా. గా ఒక్క సాలు ఉండనీ. మల్ల వచ్చినప్పుడు తెంపుతది."

ప్రవళిక చెప్పింది. బుర్గా సుక్కమ్మను కొంతసేపు చూసింది. తర్వాత తట్ట ఆమె చేతికి వదిలేసి, టోపీ తీసి చెమట తుడుచుకున్నది.

ఆమె వెళ్లిపోయిన తర్వాత ఎంకయ్య ఒక పొద్దున ఆ సాలు తెంపబోతే సుక్కమ్మ కేకలేసింది. అది దుర్గమ్మ సాలు, ముట్టకూడదు. టమాటకు మంచి ధర పలుకుతున్న వారం అది. కాయలు ఎర్రగా పండి, మెత్తబడి, ఒక్కొక్కటే రాలసాగాయి. నేను తర్కం పక్షానే మాట్లాడతానని తెలిసి ఎంకయ్య రెండుసార్లు నా వైపు చూశాడు.

నేను కిందపడిన ఒక పండును కాలితో పక్కకు జరిపి, గట్టు మీద నడుచుకుంటూ బస్సుకు పోయాను.